లీటరు గీత దగ్గర

వానలు పడి వాగునీళ్లు మురికి పట్టే రోజుల్లో ఉట్నూరు ఏజెన్సీ గూడేల్లో ఆశ కార్యకర్త చేతిసంచి ఓఆర్‌ఎస్ పొట్లాలతో బరువెక్కుతుంది. ఆమె పొట్లం కలిపే తీరు చూడాలి. ముందు చేతులు సబ్బుతో కడుక్కుంటుంది. కాచి చల్లార్చిన నీళ్లను లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోస్తుంది. పొట్లం అంచు కత్తిరించి, మూలల్లో పలుకు మిగలకుండా దులుపుతుంది.

"సగం నీళ్లల్ల కలపకక్కా, చిక్కగైతే మోషన్లు ఇంకా ఎక్కువైతయ్."

ఆ మాటలో ఆస్మోలాలిటీ శాస్త్రమంతా ఉంది. మన రక్తంలో కరిగిన పదార్థాల గాఢత సుమారు 275 నుంచి 295 మిల్లీఆస్మోల్స్. పేగులో ద్రవం అంతకంటే చిక్కనైతే అది ఒంట్లో నీటినే పేగులోకి లాగేస్తుంది. పల్చగా ఉంటే ఉప్పు, గ్లూకోజు జంటగా పేగు గోడ దాటుతాయి, వాటి వెంటే నీళ్లూ వెళ్తాయి. అందుకే పాత ఓఆర్‌ఎస్ గాఢతను 311 నుంచి 245కు తగ్గించారు. 1971లో బెంగాల్ శరణార్థి శిబిరంలో వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఇలా ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించే పద్ధతితోనే కలరా రోగులను కాపాడారు. సెలైన్ సీసా ఎక్కితేనే వైద్యమనుకునే మనం ఈ గిన్నెకు ఇవ్వాల్సినంత గౌరవం ఇవ్వలేదని నా బాధ.

కలపడం అయ్యాక ఆశ కార్యకర్త జబ్బుపడ్డ పిల్లాడి తల్లి చేతికి చెంచా ఇస్తుంది. "కక్కితే పది నిమిషాలాగి మళ్ల పట్టియ్యి." జింకు మాత్రలు పద్నాలుగు రోజులకు లెక్కపెట్టి ఇస్తుంది.

పొద్దుగూకే వేళ మళ్లీ వచ్చి, గడపలోంచే అడుగుతుంది: "పోరడు ఒంటికి పోసిండా అక్కా?"