రాళ్లదారి రథోత్సవం

మేలుకో నా పాత జీపూ, మేలుకో! తెల్లవారుజాము మంచు నీ బానెట్టు మీద ముత్యాలు పేరుస్తోంది, టాపు రెక్సిను మడతల్లోంచి రాత్రి చెమ్మ చుక్కచుక్కగా రాలుతోంది, షెడ్డు రేకుల మీద పావురాలు గొంతులు సవరించుకుంటున్నాయి. తాళం సగం తిప్పి ఆగాను. నిన్ను లేపడానికి తొందర పనికిరాదు. నీ నాలుగు సిలిండర్ల గర్భగుళ్లలో నాలుగు చిన్న దీపాలు వెలగాలి, హీటరు ప్లగ్గుల కొసలు కుంకుమరంగుకు తిరగాలి, చల్లబడ్డ అరల్లో గాలి వేడెక్కాలి. అప్పటిదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవడమే నీ సుప్రభాత సేవ. ఇక తిప్పుతాను. ఒక ఉలికిపాటు, ఒక దగ్గు, ఒక తెల్లపొగ ఆవులింత, ఆపైన టకటక టకటక టకటక! నేల అదురుతుంది, అద్దం అదురుతుంది, స్టీరింగు పట్టుకున్న వేళ్ల కణుపులు అదురుతాయి, నాలో ఎక్కడో నిద్రపోతున్న అడవి కళ్లు తెరుస్తుంది.

నీ గోత్రం చెప్పి దణ్ణం పెట్టుకోనీ. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, టొలీడో పట్నం, విల్లీస్ వారి కొలిమి. రెండో ప్రపంచ యుద్ధపు బురదలో తొలి అడుగులు వేసిన వంశం నీది. 1947లో మహీంద్రా వారి చేతుల మీదుగా మీవాళ్లు ఈ దేశపు మట్టిని ముట్టుకున్నారు. తూటాలు మోసిన భుజాలు విత్తనాల బస్తాలు మోశాయి, కాలవ గట్ల మీద ఇంజనీర్లను మోశాయి, ఏజెన్సీ గూడేలకు ఎన్నికల పెట్టెలను మోశాయి, వాగు అవతలి ఊళ్లకు పెళ్లివారిని మోశాయి. 1980లలో ఆ వంశవృక్షానికి ఎమ్మెమ్ 540 అనే కొమ్మ తొడిగింది. ఆ కొమ్మకు పూసిన పువ్వువి నువ్వు. నీ ఎముకలు విల్లీసువి, నీ గుండె ఫ్రాన్సు దేశపు ప్యూజోది: 90 మిల్లీమీటర్ల బోరున్న సిలిండర్లు నాలుగు, మొత్తం 2112 సీసీ. వేగం అడిగితే తల దించుకుంటావు. బరువు అడిగితే, ఎత్తు అడిగితే, ఓపిక అడిగితే తల ఎత్తుతావు.

మనుషులను తల నుంచీ, దేవతలను పాదాల నుంచీ వర్ణించమన్నారు మన పెద్దలు. నేను నీ పాదాల దగ్గరే మొదలుపెడతాను. తారు ఆగిపోయి రాయి మొదలయ్యే చోట దిగి నీ టైర్లలో గాలి తగ్గిస్తాను. ముప్ఫై దాకా బిగిసి ఉన్న పాదం ఇరవైకి సడలుతుంది; సడలి వెడల్పవుతుంది, వెడల్పై మెత్తబడుతుంది, మెత్తబడి రాతిమొనను చుట్టుకుంటుంది, ఇసుక మీద తేలుతుంది, జారుడుమట్టిని గట్టిగా పట్టుకుంటుంది. ఇక ముందు చక్రాల నడిబొడ్డున ఉన్న హబ్బు లాకులు. వాటిని తిప్పాలంటే ఎంతటివాడైనా కిందికి దిగాలి, బురదలో మోకాలు ఆనించాలి, నీ ముందు తల వంచాలి. ఒక చిన్న తిప్పు. లోపల పళ్లలో పళ్లు కూర్చున్న క్లిక్కు. అప్పటిదాకా ఊరికే దొర్లిన ముందు చక్రాలకు ఆ క్షణాన ప్రాణప్రతిష్ఠ జరుగుతుంది. నీ పాదాలు ముట్టుకోనివాడికి నీ పూర్తి బలం అందదు. ఈ ఏర్పాటు చేసినవాడు ఇంజనీరో ఋషో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

పాదాల పైన నీ కమాన్లు. విల్లుల్లా వంగిన ఉక్కు పట్టీలు, ఒకదాని మీద ఒకటి, పెద్దదాని ఒళ్లో చిన్నది. గోతిలో దిగినప్పుడు పట్టీ మీద పట్టీ జారుతుంది, గట్టెక్కినప్పుడు తిరిగి వెనక్కి వస్తుంది. ఆ రాపిడిలోనే సగం కుదుపు కరిగిపోతుంది. ఏళ్లు బరువులు మోసి మోసి వంపు చచ్చిపోతే, కట్ట విప్పి, తుప్పు గీకి, సుత్తి దెబ్బలతో మళ్లీ వంపు తెప్పించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఠంగు ఠంగుమని ఆ సుత్తి మోగుతుంటే ముసలి ఉక్కు లోపల యవ్వనం లేచి నిలబడుతుంది. ఇరుసు కొసల్లో, ఇత్తడి చెంబుల్లా గుండ్రంగా మెరిసే ఆ గిన్నెల దగ్గర, కింగు పిన్నులు. అక్కడ బేరింగు వెంట్రుకవాసి అరిగిందా, ముందు చక్రాలు రెండూ పూనకం వచ్చినట్టు ఊగుతాయి. వెంట్రుకవాసి షిమ్ము ఒకటి తీసి బిగించు, పూనకం దిగిపోతుంది.

నీ కింద పడుకున్నప్పుడే నువ్వు నాకు పూర్తిగా కనిపిస్తావు. గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా జరిగితే పైన ఉక్కు ఆకాశం: పొడుగాటి చాసిస్, ముందుకొకటి వెనక్కొకటి సాగిన ప్రొపెల్లర్ షాఫ్టులు, పక్కకు ఒదిగిన డిఫరెన్షియల్ గుండు, సైలెన్సరు గొట్టం, బ్రేకు పైపుల సన్నని నరాలు. గ్రీజు గన్ను తీసుకుని నిప్పల్ నిప్పల్‌కీ వెళతాను. షాకిల్‌కు ఒకటి, క్రాసుకు ఒకటి, టై రాడ్డు కొసకు ఒకటి. నొక్కుతూ ఉంటే మొదట వచ్చేది నల్లనిది, పాతది, దుమ్ము తిన్నది, దారిలో కలిసిన ప్రతి ఊరి మట్టినీ లోపల దాచుకున్నది. ఇంకా నొక్కుతాను. నలుపు పలచబడుతుంది. చివరకు అంచు చుట్టూ తేనెరంగు గ్రీజు ఉంగరంలా తొంగిచూస్తుంది. ఆ ఉంగరం కనిపించినప్పుడు నా ఒంట్లో ప్రతి కీలూ హాయిగా నిట్టూరుస్తుంది.

నీ నూనె నాకు చెప్పని సంగతి లేదు. డ్రెయిను బోల్టు విప్పి గేరాయిలు పళ్లెంలోకి దించి ఎండకు పట్టి చూస్తాను. నల్లగా నిగనిగలాడితే వయసు. సన్నని వెండిరజను తళుకుమంటే పళ్ల అరుగుదల, సహజమే. ముక్కలు తగిలితే ఆపద. మజ్జిగ రంగుకు తిరిగి ఉంటే మాత్రం ఏరు నీలోకి వచ్చింది. పరుగుతో కాగిన ఇరుసు చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. ముడుచుకున్న ఆ ఊపిరి సీళ్ల సందుల్లోంచి నీళ్లను లోపలికి లాగుతుంది. అందుకే నీ ఇరుసుల బ్రీదర్లకు సన్నని గొట్టాలు తొడిగి బానెట్టు ఎత్తు దాకా తెచ్చి కట్టాను. ఎవరికీ కనపడని అలంకారం అది. ఏటి నడుమ నడుములోతు నీళ్లలో నిలబడి కూడా నీ ఇరుసులు పొడిగాలి పీల్చుకుంటున్నాయని నాకు ఒక్కడికే తెలుసు.

నీకు నగలు తొడిగే చేతులు చాలా ఉన్నాయి లోకంలో. కొట్టొచ్చే రంగులు, వరస దీపాలు, గార్డుల వెనక నీ ముఖమే కనపడనంత ఇనుము, నీ గేర్లు తిప్పలేనంత పెద్ద టైర్లు. ఆ బరువంతా నీ బేరింగుల మీద పడుతుంది, నీ క్రౌను పళ్ల మీద పడుతుంది, ముసలి గుండె ఎత్తుకు ఎత్తుకు రొప్పుతుంది. నిన్ను నిటారుగా ఎత్తేస్తే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరిగి క్రాసులు ఏడుస్తాయి, మలుపులో నీ తల బరువెక్కి తూలుతుంది. దారి అడిగిందే నీకు ఇస్తాను. దారి ఒక రాయి ఎత్తు అడిగితే ఒక కమాను పట్టీ ఎత్తు. దారి నీ కడుపును గీరితే ట్రాన్స్‌ఫర్ కేసు కింద ఒక ఉక్కు పలక. దారి నీళ్లు చూపిస్తే స్నార్కెల్. నీకు నిప్పురవ్వ అక్కరలేదు, తడి నిన్ను ఆర్పలేదు, కాని గాలి దారిన నీళ్లు సిలిండర్లోకి వెళితే నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. దారి మింగేస్తానంటే ముందొక కొక్కెం, వెనకొక కొక్కెం, చాసిస్‌లోకి దిగిన బోల్టులతో. అంతే. ఈ కాస్త నీకు మీదు కట్టిన మొక్కు. మిగతాదంతా చూసేవాళ్ల ముచ్చట.

విజయవాడ ఆటోనగర్ సందుల్లో నీకోసం తిరగడం నాకు తీర్థయాత్ర. పాతసామాను కొట్ల ముందు గుట్టలు పోసిన గేర్లు, గోడకు ఆనించిన ఇరుసులు, నూనె మరకలతో నల్లబడ్డ నేల, వెల్డింగు వెలుగుల నీలిమెరుపులు, లేతు మీంచి సుడులు తిరుగుతూ రాలే ఉక్కు చిక్కులు. అక్కడ ముసలి మేస్త్రీలు నిన్ను కళ్లతో చూడరు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను నీ ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకుంటారు. వాల్వు చప్పుడొకటి, నాజిలు చప్పుడొకటి, బేరింగు గొణుగుడొకటి, అన్నీ విడివిడిగా వాళ్లకు వినిపిస్తాయి. “మూడోది బాబూ, నాజిలు ఉమ్మేస్తోంది” అంటారు. మూడోదే! నోటితో చెప్పలేని నీ నొప్పిని చెవితో పట్టుకునే ఆ వేళ్లకు, ఆ చెవులకు, నూనెతో నల్లబడ్డ ఆ గోళ్లకు నా నమస్కారం. డీజిల్ లైనులో గాలి చేరి నువ్వు అడవి మధ్య ఆగిపోయినప్పుడు చేత్తో పంపు కొట్టి, బోల్టు వదులు చేసి, నురగ నురగగా గాలి పోయి నిఖార్సైన ధార వచ్చేదాకా ఆగడం నాకు నేర్పింది వాళ్లే. ఒక పానా, రెండు చేతులు, కాస్త ఓర్పు. అప్పుడు నిన్ను బతికించడానికి ఇంకేదీ అక్కర్లేదు.

పదిహేనేళ్లు దాటిన ఒంటికి అయిదేళ్లకోసారి కాగితాలు తిరగరాయించాలి, తనిఖీలో నిలబడాలి. నిలబడదాం. నీ లైట్లు వెలుగుతాయి, నీ బ్రేకులు పట్టుకుంటాయి.

ఇక పద, నల్లమలకు. శ్రీశైలం అడవుల్లో ఇష్టకామేశ్వరి అమ్మ కొలువుంది. బొట్టు పెట్టేవారి వేలికి రాతి నుదురు మెత్తగా మనిషి నుదురులా తగులుతుందని భక్తులు చెప్పుకుంటారు. ఆ తల్లి దగ్గరికి దారి అంటే దారి కాదు, వాగులు వదిలేసి వెళ్లిన రాళ్ల పరుపు. ఆ రాళ్ల మీద యాత్రికులను మోసేది నీ చుట్టాలే. గేరు రాడ్డు పక్కనున్న నీ పొట్టి రాడ్లను లాగుతాను. ముందు ఇరుసూ వెనక ఇరుసూ చేయీ చేయీ కలుపుతాయి. గట్టి రోడ్డు మలుపుల్లో ఒకదానితో ఒకటి పేచీ పడే ఆ రెండూ వదులు నేల మీద ఒకటే మాటగా నడుస్తాయి. లో గేరు పడగానే వేగం జారిపోయి బలం రెండున్నర రెట్లవుతుంది. ఇప్పుడు నీ నడక ఏనుగు నడక. ఒక రాయి, ఒక ఆలోచన. ఒక రాయి, ఒక శ్వాస. ముందు కుడి చక్రం బండ మీద కాలూనుతుంది, వెనక ఎడమ చక్రం గాలిలో తేలుతుంది, ఊగిసలాడుతుంది. బలమంతా తేలే చక్రంలోకే పారిపోయి అది ఊరికే తిరుగుతుంది. బ్రేకు మీద పాదం ఇసుమంత ఆనిస్తాను. తిరుగుడు తగ్గుతుంది, నేల మీది చక్రానికి బలం గుర్తొస్తుంది, నువ్వు మెల్లగా, మహారాజులా, బండ దిగుతావు. మద్దిచెట్ల మధ్య మౌనం, వెదురు పొదల్లో రెపరెప, ఎక్కడో చెంచుగూడెం పొగ. దిగుడులో బ్రేకులు ముట్టుకోను. ఇంజనే నిన్ను ఆపుకుంటూ, బుజ్జగిస్తూ, లోయలోకి దించుతుంది.

నల్లమల ఒక్కటేనా! బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతానికి పోయే ఎర్రమట్టి దారి నిన్నే కలవరిస్తుంది. మారేడుమిల్లి మీద గుడిస గడ్డికొండలు, మబ్బులు ఒళ్లో పోసుకున్న వంజంగి, అరకు లోయలో వలిసెపూల పసుపు మెరిసే చలికాలపు పొద్దులు, అన్నీ నీ ముందు అద్దంలో వరసగా కొలువు తీరతాయి. అద్దాన్ని బానెట్టు మీదికి మడిచేస్తే నీకూ కొండగాలికీ మధ్య అడ్డేమీ ఉండదు. కాఫీ తోటల తడివాసన, రాలిన ఆకుల వాసన, నీ డీజిల్ వాసన, మూడూ కలిసి నాకు ధూపం. ఏరు దాటాక తడిసిన డ్రమ్ముల్లో బ్రేకులు పట్టవు. పాదంతో తేలిగ్గా ఒత్తుతూ కొంత దూరం నడిపిస్తే లోపలి తడి ఆవిరై లేచి, నాలుగు చక్రాల చుట్టూ నాలుగు పలచని పొగమంచులు తేలతాయి. ఊరేగింపు ముగించుకున్న రథంలా వెచ్చగా, బురద పూతలతో, నువ్వు అవతలి గట్టు మీద నిలబడతావు.

వానలు దగ్గర పడ్డాయి. వెనక కమాను బుష్షులు వదులయ్యాయి, రేపు విప్పుతాను. ఎడమ ముందు సీలు చెమరుస్తోంది, కొత్తది తెచ్చిపెట్టాను. తలుపు మూలన తుప్పు మొలిచింది. గీకి, రెడాక్సైడు పూసి, నీ పాత ఆకుపచ్చ రంగే మళ్లీ వేయిస్తాను. రేడియేటరు గొట్టాలు, ఫ్యాను బెల్టు, నాలుగు చక్రాల గాలి, స్టెప్నీ గాలి, లాగుడు తాడు, జాకీ కింద పెట్టే చెక్కపలక, అన్నీ సిద్ధం. గుడిస దారి తొలకరికి మెత్తబడ్డాక వెళదాం. నీతో పాటు కొండ ఎక్కాలని ఇంట్లో పిల్లలు ఇప్పుడే వెనక సీట్లకోసం పోట్లాడుకుంటున్నారు. హబ్బు లాకులు తిప్పే వంతు ఈసారి వాళ్లది.