సున్నా ఎత్తు ఆవు

పుంగనూరు ఆవు పొట్టిదని అందరికీ తెలుసు. బాగా ఎదిగినా దాని ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లే. అలాంటి మందలో అన్నిటికన్నా పొట్టి ఆవు ఎత్తెంతో చెప్పే ప్రోగ్రాం రాయమంటే, మదనపల్లెలోనైనా కుప్పంలోనైనా ఇంజినీరింగ్‌లో కొత్తగా చేరినవాళ్ల చేతికి తరచుగా ముందు వచ్చే వరుస ఒకటుంది. ‘కనిష్ఠం’ అని ఒక వేరియబుల్ డిక్లేర్ చేసి, పక్కనే సున్నా పెట్టేస్తారు. తర్వాత ఒక్కో ఆవు ఎత్తునూ దాంతో పోలుస్తారు. 72 సున్నాకన్నా తక్కువా? కాదు. 81? కాదు. మందంతా అయిపోయాక జవాబు సున్నా. లూపు సరిగ్గానే తిరిగింది, పోలికా సరిగ్గానే ఉంది. తప్పంతా మొదటి వరుసలోనే జరిగిపోయింది.

తొలి విలువకు ఒక అర్థం ఉండి తీరాలి, అది దొరకనంతవరకు వేరియబుల్‌ను డిక్లేర్ చేయకుండా ఆగాలి అని నా వాదన. మొత్తం కూడేటప్పుడు సున్నాతో మొదలుపెట్టడం న్యాయమే, ఇంకా ఏమీ కూడలేదు గనక. గుణించుకుంటూ పోయేటప్పుడు ఒకటితో మొదలవ్వాలి, సున్నా పెడితే చివరిదాకా సున్నాయే. కనిష్ఠానికి ఈ రెండూ పనికిరావు, మొదటి ఆవు ఎత్తే దాని తొలి విలువ. కళ్లంలో వడ్లు కొలిచేవాళ్లు మొదటి కొలతను ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని పైకి చెప్పి, తర్వాత రెండు, మూడు అంటూ పోతారు. లెక్క ఎక్కడ మొదలైందో చుట్టూ ఉన్న అందరికీ వినపడుతుంది. వేరియబుల్ మొదలు కూడా చదివేవాడికి అంత స్పష్టంగా తెలియాలి.

చెత్త విలువకన్నా సున్నా నయం కదా అనేవాళ్లున్నారు. ఆ మాటలో బలముంది. సీ భాషలో ఫంక్షన్ లోపల డిక్లేర్ చేసి వదిలేసిన మామూలు వేరియబుల్‌లో, అంతకుముందు ఆ మెమరీలో మిగిలిపోయిందేదైనా కనిపించొచ్చు. ఈరోజు నడిచిన ప్రోగ్రాం రేపు తప్పు జవాబు ఇవ్వొచ్చు. కానీ విలువ ఇవ్వడం మరిచిపోయిన దారి ఏదైనా ఉంటే కంపైలర్ చాలాసార్లు పట్టుకుని హెచ్చరిస్తుంది, జావా అయితే కంపైల్ చేయనే చేయదు. అలవాటుగా పెట్టిన సున్నా ఆ హెచ్చరిక నోరు నొక్కేస్తుంది. మరుపు అలాగే ఉంటుంది, దాన్ని చూపించే వేలు మాత్రం పోతుంది. 2022లో వచ్చిన జీసీసీ అనే సీ కంపైలర్ 12వ వెర్షన్‌లో, భద్రత కోసం ఇలాంటి వేరియబుల్స్‌ను కంపైలరే సున్నాతో నింపే సదుపాయం పెట్టారు. అది వాడినా, మనం విలువ ఇవ్వలేదన్న హెచ్చరికను మాత్రం తీసేయలేదు. రక్షణ వేరు, అర్థం వేరు అన్న తేడా ఆ కంపైలర్ రాసినవాళ్లకు బాగా తెలుసు.

అన్నీ పైనే వరసగా డిక్లేర్ చేస్తే చూడ్డానికి తీరుగా ఉంటుందన్నది ఇంకో వాదన. 1989 నాటి సీ ప్రమాణంలో బ్లాకు మొదట్లోనే డిక్లేర్ చేయాల్సి వచ్చేది. 1999 ప్రమాణం ఆ కట్టడిని ఎత్తేసింది. ఆ కట్టడి పోయాక కూడా పది పేర్లు పైన పేర్చడంవల్ల, విలువ తెలియని సమయంలో పేరు పుడుతుంది, సున్నా అక్కడే దూరుతుంది. పైథాన్‌లో డిక్లరేషనే లేదు గనక ఈ గొడవ లేదనుకోవడం కూడా పొరపాటే. అక్కడ ‘మొత్తం’ అని రాయాల్సిన చోట ఒక్క అక్షరం తప్పి విలువ ఇస్తే, నోరెత్తకుండా కొత్త వేరియబుల్ పుట్టేస్తుంది.

అర్థం లేని సున్నా ఏం చేస్తుందో చూడ్డానికి మదనపల్లె టమాటా మార్కెట్ లెక్కే తీసుకోండి. ధర తక్కువై రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసిన రోజులున్నాయి, 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిన రోజులూ ఉన్నాయి. అంత ఎగుడుదిగుడు ధరల మధ్య ఒక సున్నా పడినా ఎవరూ వెంటనే గుర్తుపట్టరు. ఆరు రోజులు కిలో 20 రూపాయల చొప్పున అమ్మి, ఏడో రోజు యార్డుకు సెలవు అనుకుందాం. ఆ రోజు ధర సున్నా కాదు, ధరే లేదు. వారం సగటు ధర లెక్కగట్టే ప్రోగ్రాం మాత్రం ముందే రాసిపెట్టిన సున్నాను ధరగా కలిపి ఏడుతో భాగిస్తుంది. సగటు 17 రూపాయల చిల్లర అని తేలుతుంది. తగ్గిన ఆ దాదాపు మూడు రూపాయలు ఏ మండీ వ్యాపారీ తగ్గించలేదు, ఏ రైతూ ఒప్పుకోలేదు.