వరండాలో అక్క

ఫ్యామిలీ కోర్టుకు తొలిసారి వచ్చిన ఆడమనిషికి లాయరు కంటే ముందు కనిపించాల్సిన మనిషి ఒకరున్నారు. ఒకప్పుడు తనూ దెబ్బలు తిని, అదే వరండాలో పడిగాపులు కాసిన ఆవిడ. అందరికీ అక్కే. జీతం లేని పని.

ఆ పనితనమంతా చిన్న విషయాల్లో ఉంటుంది. "పిలుపు వేళకి టీకి పోకు. మీ ఆయనొచ్చి పక్కన కూర్చుంటే లేచి నా దగ్గరికి వచ్చెయ్. జడ్జిగారు అడిగినదానికే చెప్పు, తేదీతో చెప్పు." ఆస్పత్రి చీటీలు, పాస్‌బుక్, పిల్లల ఫీజు రసీదులు వరసలో పెట్టిస్తుంది. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఫారం చూసి బెంబేలెత్తిన అమ్మాయి చేత పాలు, కరెంటు, ఆటో ఖర్చులు ఒక్కొక్కటే గుర్తు చేయించి రాయిస్తుంది. సెక్షన్లు అడిగితే మాత్రం సొంత తెలివి చూపదు, నేరుగా లీగల్ ఎయిడ్ గదికి తీసుకెళ్తుంది. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా లాయరునిస్తారు.

కొందరు మేజిస్ట్రేటు కోర్టులో గృహహింస అర్జీ కూడా వేసి ఉంటారు. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం ఆ అర్జీని 60 రోజుల్లో తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. వాయిదాలు ఎరిగినవాళ్లు ఆ అంకెకు నవ్వుతారు. అక్క నవ్వదు. "మీ లాయరును మధ్యంతర భరణం ఇప్పుడే అడగమను" అంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది, అడిగితే తప్ప తన కథ చెప్పకపోవడం. కౌన్సెలింగ్ గదిలోకి ఆమెను రానివ్వరు. అందుకే, రాజీ కాగితం ఇస్తే చదవకుండా సంతకం పెట్టొద్దని గుమ్మం దగ్గరే చెప్పి పంపుతుంది.