మోకాలిని అడిగిన పన్నెండు ప్రశ్నలు

మోకీలు మార్పిడి చేసిన డాక్టరు ఎక్స్‌రే చూస్తారు, కాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కొలుస్తారు, బాగుందంటారు. ఇంటికి వెళ్లిన మనిషి మాత్రం మెట్లు దిగలేక రెయిలింగు పట్టుకుని నిలబడిపోవచ్చు. ఆ నిలబడిపోవడాన్ని కూడా లెక్కలోకి తెచ్చిన కాగితం ఒకటుంది. దాని పేరు ఆక్స్‌ఫర్డ్ నీ స్కోర్. జిల్ డాసన్, రే ఫిట్జ్‌ప్యాట్రిక్, డేవిడ్ మరే, ఆండ్రూ కార్ 1998లో దీన్ని ప్రచురించారు. తుంటి కీలుకు ఇలాంటిదే 1996లో వచ్చింది.

ఉన్నవి పన్నెండే ప్రశ్నలు. ముందుగా రోగులతో మాట్లాడి, వాళ్లు చెప్పుకున్న ఇబ్బందుల్లోంచి ఏరినవి. అందుకే కండరాల పేర్లు, కొలతలు ఏమీ కనిపించవు. భోజనమయ్యాక కుర్చీలోంచి లేచేటప్పుడు నొప్పి ఎంత? రాత్రి పక్క మీద? కారెక్కి దిగడం ఎలా ఉంది? ఇంటి సరుకులు ఒక్కరే వెళ్లి తెచ్చుకోగలిగారా?

ఆ ‘ఒక్కరే’ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. నడక, వరుసలో నిలబడటం, సంచీ బరువు, ఎవరినీ సాయం అడగనక్కర్లేకపోవడం అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ప్రశ్నల్లో వచ్చే ‘మోకాలి వల్ల’ అన్న మాటా అంత జాగ్రత్తగా పెట్టిందే. పెద్దవయసు మనిషికి ఆయాసం ఉండొచ్చు, నడుంనొప్పి ఉండొచ్చు. వాటి పాపం మోకాలికి అంటకూడదు. అడిగేది గడిచిన 4 వారాల సంగతే. జ్ఞాపకానికి అంతకుమించి బరువు పెట్టలేదు.

మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ లేవగలరా అని ఒక ప్రశ్న ఉంది. మన ఇళ్లలో పుట్టి ఉంటే దాని పక్కనే బాసింపట్టు వేసుకోవడం గురించీ ఉండేది.

ఒక్కో జవాబుకు 0 నుంచి 4 మార్కులు, మొత్తం 48. మొదట్లో 12 నుంచి 60 దాకా లెక్కించేవారు, మార్కులు పెరిగితే బాధ ఎక్కువని అర్థం. చదివేవాళ్లు తికమకపడేవారు. 2007లో లెక్కను తిరగేసి, ఎక్కువ మార్కులంటే ఎక్కువ సుఖం అనేలా మార్చమని చెప్పారు. దాదాపు పదేళ్లు వాడుకలో ఉన్న పనిముట్టును ఇలా మళ్లీ సానపట్టడం నాకు చాలా నచ్చింది.

2009 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులోని ప్రభుత్వ ఆరోగ్యసేవ ఈ ప్రశ్నలనే ఆపరేషన్‌కు ముందోసారి, ఆర్నెల్ల తర్వాత ఇంకోసారి అడుగుతోంది. రెండో కాగితం రోగి ఇంటికి పోస్టులో వెళ్లేది. ఎదురుగా డాక్టరుంటే ‘ఇంకా నొప్పిగానే ఉందండీ’ అనడానికి మొహమాటపడేవాళ్లు, ఇంట్లో కూర్చుని ఆ గడిలో టిక్కు పెట్టగలిగేవారు.