దీవి అయినా ద్వీపకల్పమే

పటాలు చదవడం నాకు పాత అలవాటు. అయిజ మనిషిని, అంటే అటు కృష్ణ, ఇటు తుంగభద్ర ఉన్న నడిగడ్డవాణ్ని. పటం విప్పితే కన్ను ముందు నీళ్ల మీదికే పోతుంది, ఊళ్లు ఆ తర్వాత. ఈమధ్య ఆ కన్ను ఉత్తర ధ్రువం దాపున ఒక సముద్రపాయ దగ్గర ఆగిపోయింది. నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. పేరు కాంగ్స్‌ఫియార్డెన్. హిమానీనదాలు తొలిచిన లోయలోకి సముద్రం చొరబడి ఏర్పడిన పాయ, సుమారు 20 కిలోమీటర్ల పొడవు. దాని తల దగ్గర ఇప్పటికీ మంచు విరిగి నీళ్లలో పడుతుంటుంది.

మనకు బొత్తిగా సంబంధం లేని చోటేం కాదు. దక్షిణపు ఒడ్డున న్యూ ఆలెసుండ్‌లో 2008 నుంచి మన దేశపు పరిశోధన కేంద్రం ‘హిమాద్రి’ ఉంది. 2014 జూలైలో ఆ నీళ్లలోనే 192 మీటర్ల లోతున ‘ఇండ్ ఆర్క్’ అనే పరిశీలన సాధనాన్ని దించారు. ఆ పనిలో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలూ ఉన్నారు.

కాపురాలు లేని చోట పేరు పెట్టే హక్కు ముందొచ్చిన ఓడది. 1610లో ఇంగ్లండు నావికుడు జోనాస్ పూల్ దీన్ని జింకల పాయ అన్నాడు. తర్వాత అది రాజుగారి పాయ, అంటే కాంగ్స్‌ఫియార్డెన్ అయింది. పటాల్లో రాజులకు చోటు సులువుగానే దొరుకుతుంది. నన్నడిగితే జింకల పేరే న్యాయం.

అసలు విశేషం ఆ పాయ నడుమ ఉంది. బ్లోమ్‌స్ట్రాండ్ అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త 1861లో అటు యాత్రకు వెళ్లాడు. ఆయన పేరు మీద అక్కడొక నేలను ‘బ్లోమ్‌స్ట్రాండ్ ద్వీపకల్పం’ అన్నారు. పటం గీసిన నాటికి అది నిజమే. వెనకున్న హిమానీనదం దాన్ని పెద్ద నేలకు అతికించి ఉంచింది. 1990ల్లో మంచు వెనక్కి తగ్గేసరికి నడుమ నీళ్లు బయటపడ్డాయి. చూస్తే అది దీవి! పటం మాత్రం ఇంకా ద్వీపకల్పమనే అంటోంది. దిద్దేయాలని తొందరపడేవాళ్లుంటారు, నేనైతే ఉండనిమ్మంటాను. మంచు ఎక్కడిదాకా ఉండేదో చెప్పడానికి ఆ పేరూ ఒక సాక్ష్యమే.

మా వైపూ ఇలాంటిదొకటి ఉంది. కృష్ణా తుంగభద్రలు కలిసేచోటి కూడవెల్లి, శ్రీశైలం జలాశయంలో మునిగింది. అక్కడి చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో నిలబెట్టారు. సంగమం అక్కడే ఉండిపోయింది, గుడి ఇక్కడికొచ్చింది. అయినా జనం దాన్ని కూడవెల్లి గుడి అనే పిలుస్తారు.

గుడి పెద్దది కాబట్టి దాని పేరు బతికింది. మునిగిన చేన్లు, వంకలు, పడవ రేవులు, ఊరి బయటి కట్టలు, వీటికీ పేర్లుండేవి. అవి ఇప్పుడు పెద్దల నోళ్లలోనే ఉన్నాయి. ముంపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మీ ఇంట్లో ఉంటే కూర్చోబెట్టి అడగండి. పేరు ఒక్కటే చాలదు. ఊరికి ఏ దిక్కున, ఎంత దూరాన ఉండేదో కూడా రాసుకోండి. పటం మీద గుర్తు పెట్టే పని తర్వాత ఎవరైనా చేస్తారు.