కువైట్ అచ్చేసిన ఫ్రెంచి తగవు

కువైట్ అంటే మనవాళ్ళకు దీనారు, వీసా, ఎండ. రాజంపేట నుంచో రాయచోటి నుంచో కోనసీమ నుంచో వచ్చి పొద్దస్తమానం పనిలో మునిగే మనకు, ఈ దేశం అరబ్బీ చదువరికి ఏం పెట్టిందో తెలిసే తీరిక ఎక్కడిది? 1978 జనవరి నుంచి ఇక్కడి జాతీయ సంస్కృతి, కళలు, సాహిత్య మండలి 'ఆలం అల్ మఅరిఫా' పేరుతో నెలకో పుస్తకం తెస్తోంది. ధర చవక, సరుకు గట్టిది. మొదలుపెట్టినవాళ్ళు కవి అహ్మద్ మషారీ అల్ అద్వానీ, కువైట్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పిన ఈజిప్టు పండితుడు ఫువాద్ జకరియా. కువైట్ జాతీయగీతం రాసిందీ ఈ అద్వానీయే. 1990లో ఇరాక్ సైన్యం వచ్చిపడ్డాక పుస్తకాలు ఆగాయి, మళ్ళీ లేచాయి. చరిత్ర ఇంత చాలు.

అసలు ముచ్చట 206వ పుస్తకం గురించి. 1996 ఫిబ్రవరిలో వచ్చింది. జాన్ స్టరక్ సంపాదకుడుగా ఆక్స్‌ఫర్డ్ 1979లో వేసిన వ్యాససంపుటిని మహమ్మద్ అస్ఫూర్ అరబ్బీ చేశారు. లెవీస్ట్రాస్, బార్త్, ఫూకో, లకాన్, దెరిదా, అయిదుగురు ఫ్రెంచి ఆలోచనాపరుల మీద అయిదు వ్యాసాలు. ఫ్రాయిడ్ మనోవిశ్లేషణను నెత్తికెత్తుకున్న లకానూ, దాన్ని నిలదీసిన ఫూకో, దెరిదాలూ ఒకే అట్ట కింద! వాదీ ప్రతివాదీ పక్కపక్కన కూర్చున్న పుస్తకం చదవడంలో ఉండే సుఖం చదివినవాళ్ళకే తెలుస్తుంది.

లకాన్ పనితనం చెప్పకుండా ముందుకు పోలేను. కలలో, నోరుజారిన మాటలో మనసు బయటపడుతుందని ఫ్రాయిడ్ చూపించాడు. లకాన్ ఆ మాటనే పట్టుకుని కూర్చున్నాడు. అచేతనం కూడా భాషలాగే కట్టుబడి ఉంటుందన్నాడు. రోగికి గడియారం చూసి గంట కేటాయించే పద్ధతి ఆయనకు గిట్టదు. సరైన మాట దొర్లగానే అక్కడికక్కడే ఆపి పంపేసేవాడు, ఆ మాట మోసుకుంటూ రోగి ఇంటికి పోవాలని. అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘం దీన్ని ఒప్పుకోలేదు. 1963లో శిక్షకుల జాబితాలోంచి ఆయన పేరు పోయింది. మరుసటేడే సొంత బడి పెట్టుకున్నాడు. వాక్యం మటుకు కొరకరాని కొయ్య, కాదనను.

ఆ పనితనానికి ఒక మచ్చు. ఎడ్గార్ ఎలన్ పో కథలో మంత్రి రాణిగారి ఉత్తరం కాజేసి, అందరికీ కనపడేచోటే పెడతాడు. పోలీసులు ఇల్లంతా వెతికినా దొరకదు. ఉత్తరంలో ఏముందో కథ చెప్పదు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ నడవడి మారిపోతుందని లకాన్ చదివిన తీరు, అబ్బ, చేయి తిరిగిన పని! చివరికి ఉత్తరం చేరాల్సినచోటికి చేరి తీరుతుందని తేల్చాడు. దెరిదా 1975లో అడ్డుపడ్డాడు: చేరకపోవడానికీ వీలుంది కదా, ఆ వీలు లేకుంటే అది ఉత్తరమే కాదు అని. గల్ఫ్ నుంచి ఇంటికి ఉత్తరాలు రాసి నెలలకొద్దీ జవాబుకు ఎదురుచూసిన తరం ఈ తగవులో ఎటుంటుందో వేరే చెప్పాలా? నేను లకాన్ పక్షపు మనిషిని. ఈ ఒక్కచోట దెరిదాకే దండం పెడతాను.

ఫ్రాయిడ్‌ను నిలదీసిన మిగతావాళ్ళూ తక్కువవాళ్ళు కారు. సార్త్ర్ 1943లోనే ఫ్రాయిడ్‌ను ఒక్క ప్రశ్నతో ఇరికించాడు: ఏది అణచాలో తెలియకుండా మనసులోని కాపలాదారు దేన్నయినా ఎట్లా అణుస్తాడు? తెలిస్తే అది అచేతనం ఎట్లా అవుతుంది? ఫూకో 1976లో, విశ్లేషకుడి పరుపు మీద జరిగేది చర్చిలో పాపం ఒప్పుకోవడానికి వారసత్వమేనన్నాడు. దెలూజ్, గ్వాతారీలు 1972లో ఫ్రాయిడ్ చెప్పిన అమ్మ, నాన్న, నేను అనే త్రికోణాన్నే బద్దలుకొట్టారు. అచేతనం నాటకశాల కాదు, కర్మాగారం అన్నారు. గ్వాతారీ లకాన్ దగ్గరే విశ్లేషణ చేయించుకున్నవాడు, లా బోర్ద్ మానసిక చికిత్సాలయంలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. అందుకే ఆ దెబ్బకు బరువు. మన శాస్త్రకారులు పూర్వపక్షం అన్నది ఇదే. ఎదుటివాడి వాదం వాడికంటే బాగా చెప్పగలిగాకే ఖండించు.

కువైట్ పుస్తకాల వరుసకు ఈ మర్యాద తెలుసు. 1998లో ఈజిప్టు విమర్శకుడు అబ్దుల్ అజీజ్ హమ్మూదా ఇదే వరుసలో, ఫ్రెంచి సిద్ధాంతాలను వేళ్ళు తెంచి దిగుమతి చేసుకున్న అరబ్బు ఆధునికుల మీద విరుచుకుపడ్డాడు. సిద్ధాంతం తెచ్చిందీ కువైటే, దాన్ని తిట్టడానికి చోటిచ్చిందీ కువైటే.

మరి మనం? బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', నవీన్ 'అంపశయ్య' ఉన్న భాష మనది. మనసు లోపలికి దిగిన నవలలకు కొదవ లేదు. దిగజారింది ఆ తర్వాతి మాట. ఇప్పుడు ఫోను తెరిస్తే అరనిమిషం వీడియోలో ఒకాయన మామగారికి 'నార్సిసిస్టు' బిళ్ళ తగిలిస్తాడు, ఇంకొకామె ప్రతి అలకకూ 'ట్రామా' అని పేరు పెడుతుంది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో అచేతనం డబ్బు తెచ్చిపెట్టే మంత్రమైపోయింది. ఇంకోవైపు, ఒక్క పేజీ చదవకుండానే 'ఫ్రాయిడ్ ఎప్పుడో తప్పని తేలిపోయింది' అనే మేధావులు. నకిలీ భక్తులకంటే ఈ నకిలీ ఖండనలే నాకు ఎక్కువ ఒళ్ళు మండిస్తాయి. సార్త్ర్ పడ్డ శ్రమలో పదోవంతు పడకుండా సార్త్ర్ తీర్పు చెప్పేస్తారు!

అలెగ్జాండ్రియాలో పుట్టి, పారిస్‌లో లకాన్ దగ్గర తయారైన ముస్తఫా సఫ్వాన్ 1958లో ఫ్రాయిడ్ కలల గ్రంథాన్ని అరబ్బీలోకి తెచ్చారు. అట్లాంటివాళ్ళు ముందు నడిచారు కనకే కువైట్ అంత ధైర్యం చేయగలిగింది. మన అకాడమీలకు, విశ్వవిద్యాలయాలకు నా మనవి ఒక్కటే. ఫ్రాయిడ్‌నూ ఆయన్ని కాదన్నవాళ్ళనూ ఒకే అట్ట కింద, కూలివాడు కొనగల ధరకు, తెలుగులో వేయండి. గల్ఫ్‌లో అరబ్బీ చదవనేర్చిన తెలుగు పిల్లలున్నారు, అనువాదానికి వాళ్ళనూ పిలవండి.