లోతునకు వేరే శిక్షణ కావలెనా?
కూస్తో రచించిన ‘ది సైలెంట్ వరల్డ్’ గ్రంథముపై ఒక విమర్శ

వినోదమునకై సముద్రగర్భమున సంచరించుట నేడు సామాన్యులకును అందుబాటులోనికి వచ్చిన క్రీడ. వీపున గాలి సిలిండరు, నోట రెగ్యులేటరు, కాళ్ళకు రబ్బరు రెక్కలు ధరించి నీట మునుగు ఈ పద్ధతికి స్కూబా అని పేరు. అండమాను దీవులలోను, విశాఖపట్టణపు తీరమునను దీనిని నేర్పు కేంద్రములు కలవు. ప్రాథమిక శిక్షణ పొందినవారికి అంతర్జాతీయ శిక్షణ సంస్థలు సాధారణముగా 18 మీటర్లను హద్దుగా పెట్టినవి. పై తరగతి ముగించినవారికి హద్దు 30 మీటర్లు. వినోదమునకై దిగువారెవ్వరైనను 40 మీటర్లు దాటరాదు.

ఈ హద్దుల విషయముననే వివాదము కలదు. “ఈత బాగుగా వచ్చును. పరికరము వాడుట తెలియును. పలుమార్లు మునిగిన అనుభవము ఉన్నది. ఇక లోతునకని వేరే శిక్షణ యెందులకు? ఈ పరికరమును కనిపెట్టినవారికి ఏ పట్టా ఉండెను?” అని కొందరు వాదింతురు. ఈ ప్రశ్నకు సమాధానము ఆ కనిపెట్టినవారి గ్రంథములోనే దొరకును. కనుక ఆ గ్రంథమును ఈ దృష్టితో ఒకసారి పరిశీలించుట ఉపయోగకరము.

గ్రంథము, గ్రంథకర్తలు

ఫ్రెంచి నౌకాదళాధికారి జాక్ ఈవ్ కూస్తో, ఇంజనీరు ఎమీల్ గాన్యాన్ కలిసి 1943లో ఆక్వాలంగ్ అను పరికరమును నిర్మించిరి. చుట్టునున్న నీటి పీడనమునకు సమానమైన పీడనముతో, కావలసినప్పుడు మాత్రమే, గాలిని అందించుట దాని విశేషము. దానితో తాము గడించిన అనుభవములను కూస్తో తన మిత్రుడు ఫ్రెడరిక్ ద్యూమాతో కలిసి ‘ది సైలెంట్ వరల్డ్’, అనగా నిశ్శబ్ద ప్రపంచము, అను పేర 1953లో ప్రకటించెను. అదే పేరుతో 1956లో వచ్చిన చలనచిత్రము కాన్ ఉత్సవమున అత్యున్నత బహుమతి నందుకొన్నది.

గ్రంథములోని మొదటి గుణము నిజాయితీ. విజయములతోపాటు ప్రమాదములను, మరణమును గూడ రచయితలు దాచక చెప్పిరి. రెండవ గుణము చూచినదానిని పాఠకుని కన్నుల ముందు నిలుపగల శక్తి. నీటిలో కొలది మీటర్లు దిగగనే ఎరుపురంగు మాయమై లోకమంతయు నీలిమయమగుట వంటి విషయములను విద్యార్థి ఒకసారి చదివినచో మరువడు. అయినను సాహసమును ఆనందింపజేయు పుస్తకము ఆ సాహసమునకు కావలసిన లెక్కను కూడ నేర్పునా అన్నది వేరొక ప్రశ్న.

లోతు చేయు మార్పు

బావి అడుగున పడిన చెంబును తీయుటకు మునిగినవానికి చెవులు నొచ్చుట తెలిసిన విషయమే. నీటిలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనము అధికమగును. నీటిపైన 1 వాతావరణము, 10 మీటర్ల వద్ద 2, 40 మీటర్ల వద్ద 5. బాయిల్ సూత్రము ననుసరించి, 40 మీటర్ల లోతున పీల్చు ప్రతి ఊపిరిలోను ఒడ్డున పీల్చుదానికి అయిదు రెట్ల గాలి ఖర్చగును.

దీనిని లెక్కించి చూడవచ్చును. 12 లీటర్ల సిలిండరులో 200 వాతావరణముల పీడనముతో నింపిన గాలి ఒడ్డున సుమారు 2,400 లీటర్లకు సమానము. నిమిషమునకు 20 లీటర్లు పీల్చువానికి అది ఒడ్డున రెండు గంటలు వచ్చును. 40 మీటర్ల లోతున 24 నిమిషములు మాత్రమే వచ్చును.

ఆ 24 నిమిషములును వానివి కావు. ఇద్దరు జంటగా దిగినప్పుడు ఒకని గాలి అడుగున నిలిచిపోయినచో రెండవవాని సిలిండరు నుండియే ఇద్దరును పీల్చుచు పైకి రావలెను. భయమున ఒక్కొక్కరు నిమిషమునకు 30 లీటర్లు పీల్చెదరనుకొందము. అడుగున తేరుకొనుటకు ఒక నిమిషము పట్టినచో 300 లీటర్లు. నిమిషమునకు 9 మీటర్ల చొప్పున 5 మీటర్ల లోతువరకు వచ్చుటకు సుమారు 4 నిమిషములు, అందులకు దాదాపు 780 లీటర్లు. అక్కడ 3 నిమిషములు నిలుచుటకు 270 లీటర్లు. మొత్తము 1,350 లీటర్లు. అనగా సిలిండరులో సగమునకు మించిన గాలి మిగిలియుండగనే పైకి బయలుదేరవలెను. 10 మీటర్ల లోతున నూరుసార్లు మునిగినను ఈ లెక్క తెలియదు. అక్కడ దాని అవసరమే రాదు.

గాలిలోని నత్రజని విషయమును ఇట్టిదే. పీడనము పెరిగినకొలది అది రక్తమాంసములలో అధికముగా కరగును. త్వరగా పైకి వచ్చినచో, సోడా సీసా మూత తీసినప్పటి వలె, బుడగలుగా వెలువడి కీళ్ళకును నాడులకును హాని చేయును. ఈ బుడగల సంగతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ 1878లో వివరించెను. 1908లో జె. ఎస్. హాల్డేన్, సహచరులతో కలిసి, మేకలపై ప్రయోగములు చేసి, ఆగి ఆగి పైకి వచ్చుటకు పట్టికలు తయారుచేసెను. ఇరువదవ శతాబ్దమున విస్తారముగా వాడిన అమెరికా నౌకాదళ పట్టిక ప్రకారము, నడుమ ఆగనక్కరలేకుండ పైకి రాదలచినవాడు 18 మీటర్ల వద్ద ఒక గంట ఉండవచ్చును. 40 మీటర్ల వద్ద 10 నిమిషములే ఉండవచ్చును. లోతు రెండింతలకు కొంచెము మించినది. వ్యవధి ఆరవ వంతునకు తగ్గినది.

మైకము మాట

వాదమునకు గట్టి సమాధానము మూడవ ప్రమాదములో ఉన్నది. అధిక పీడనమున నత్రజని మనస్సునకు మత్తు కలిగించునని అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకే 1935లో సూచించెను. తరువాత భారతదేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరమున మరణించిన జె. బి. ఎస్. హాల్డేన్, రెండవ ప్రపంచయుద్ధ కాలమున పీడన గదులలో తనపైనను సహచరులపైనను ప్రయోగములు చేసి ఈ మత్తును పరీక్షించెను. కూస్తో దీనికి లోతుల మైకమని పేరు పెట్టెను. ఆ మైకమున పడినవాడు దారిన పోవు చేపకు గాలి కావలెనేమోయని తన నోటిగొట్టమును తీసి ఇచ్చుటకైనను సిద్ధపడునని ఆయన వర్ణించెను.

1943 అక్టోబరులో ద్యూమా ముడులు వేసిన తాడు వెంబడి లోతునకు దిగి, తాను చేరిన చోట నడికట్టును తాడునకు కట్టి పైకి వచ్చెను. అనుకొన్న లోతు అందలేదని అతడు విచారించెను. తన లెక్కకు అది 100 అడుగులు కూడ కాలేదు. తాడు లాగి కొలువగా నడికట్టు 210 అడుగుల వద్ద, అనగా సుమారు 64 మీటర్ల వద్ద, ఉండెను!

గ్రంథములో ఇంతకు మించిన పాఠము లేదు. ద్యూమా ఆ కాలపు డైవర్లలో అగ్రగణ్యుడు. అతని అనుభవమును శంకించువారుండరు. అట్టివాడే తానున్న లోతును సగము కంటె తక్కువగా తలచెను. అపాయమును గుర్తింపవలసిన బుద్ధినే మైకము ముందుగా హరించును. “అపాయము వచ్చినచో నాకు తెలియును” అను ధైర్యము అక్కడ పనికిరాదు. అలవాటు పడినవానికి మత్తు తెలియుట తగ్గవచ్చును గాని, పనిలో జరుగు తప్పులు ఆ మేరకు తగ్గవు. ఇది మరింత అపాయకరము.

1947లో కూస్తో బృందము లోతు పరీక్షలు జరిపెను. బృంద సభ్యుడు మారిస్ ఫార్గ్, తాడునకు కట్టిన పలకపై చేవ్రాలు చేయుచు, సుమారు 120 మీటర్లు చేరెను. క్షేమమని తాడుద్వారా వచ్చుచున్న సంకేతములు ఆగిపోయినవి. పైకి లాగి చూడగా నోటిగొట్టము ఊడి రొమ్ముపై వ్రేలాడుచుండెను. గంటల తరబడి శ్రమించినను అతడు బ్రతుకలేదు.

లోపమెక్కడ?

ఈ మరణమును రచయితలు బాధతోనే చెప్పిరి. కాని గ్రంథపు నడక సాహసగాథ నడక. మైకమును వర్ణించు పుటలు ఎంత సొగసుగా ఉన్నవనగా, యువకుడైన పాఠకునకు భయమునకు బదులు కుతూహలము కలుగును. లోతుల అంకెలు గెలిచిన పతకముల వలె కన్పట్టును. ఆ అంకెల వెనుకనున్న గాలి లెక్క, కాలపు లెక్క అంతగా కనబడవు. చదివి ముగించినవానికి ద్యూమా ధైర్యము గుర్తుండును. అతడు లోతును తప్పుగా ఎంచిన సంగతి మరుగున పడును.

మార్గదర్శకులకు పట్టాలు లేవను మాట నిజమే. కాని వారు ఒంటరివారు కారు. 1945లో తూలోన్‌లో ఏర్పడిన నౌకాదళ పరిశోధక బృందముగా, తాళ్ళతో, పైనుండి కనిపెట్టు సహచరులతో పనిచేసిరి. అయినను ఒక ప్రాణము పోయినది. వారు ఇంత వెలపెట్టి కొన్నదానిని తరువాతివారికి ఊరకనే అందించుటయే శిక్షణ. వారికది లేకపోవుట నేటివారికి అక్కరలేదనుటకు సాక్ష్యము కాజాలదు.

ఎదుటిపక్షమువారి మాటలోను కొంత సత్యము కలదు. లోతు మునకలకై నడుపు తరగతులు కొన్ని నాలుగు మునకలతోనే ముగియును. నాలుగుసార్లు దిగి వచ్చినంత మాత్రమున మత్తునకు శరీరము లొంగకపోదు. పట్టా చేతికి వచ్చుట వేరు, నేర్పు అబ్బుట వేరు. ఇందువలన తేలునది శిక్షణ వద్దని కాదు. ఉన్న శిక్షణ చాలదని. ఎంత గాలి మిగిలియుండగా వెనుకకు మరలవలెనో ఒడ్డుననే లెక్కించి జంటతో ఒప్పందము చేసికొనుట, తోడివాని నడతలో మత్తును పసిగట్టుట, విడిగా అదనపు గాలిని కొనిపోవుట, మెల్లగా పైకి వచ్చుట, ఇవన్నియు ఆలోచింపకయే చేయగలుగు వరకు అభ్యసింపవలెను. అడుగున బుద్ధి మందగించును గనుక, నిర్ణయములు ఒడ్డుననే ముగియవలెను. లోతు శిక్షణ యొక్క సారమిదియే.

‘ది సైలెంట్ వరల్డ్’ ఉన్నత పాఠశాలలలో చదివింపదగిన పుస్తకమే. ఉపాధ్యాయుడు దాని ప్రక్కన ఒక పలకయు సుద్దముక్కయు ఉంచుకొన్నచో మేలు. ద్యూమా మునకను చదివించిన వెంటనే, 64 మీటర్ల వద్ద పీడనమెంత, ఒక సిలిండరు గాలి ఎన్ని నిమిషములు వచ్చునని విద్యార్థులచే లెక్క కట్టించవలెను. గ్రంథము చెప్పక విడిచిన పాఠము ఆ లెక్కతో పూర్తియగును.